జనంలోంచి పక్కకు

పోయినవారం వదినను మనం షాపు గుమ్మంలో, చేతిలో కత్తెరతో వదిలి వచ్చాం. చర్చిలో స్వస్థత కూటాలు నడిపిస్తున్న బృందంలోని అమ్మాయి వచ్చి, "రేపు మధ్యాహ్నం బ్రదర్‌గారు మీ ఆడపడుచును వేదిక మీదికి పిలుస్తారు. వెనక నుంచి చప్పట్లు కొడతారు. తను తిరిగి చూస్తే చాలు, మిగతాది మీరు మైకులో చెప్పేయండి" అంది. వెళ్తూ వెళ్తూ, "కాస్త అటూ ఇటూ అయినా దేవునికి మహిమ వచ్చేటట్టు చెప్పండి వదినా" అని నవ్వింది. ఆ 'అటూ ఇటూ' అన్న మాట వదిన గొంతులో చేపముల్లులా ఇరుక్కుపోయింది.

ఆ రేపు ఇవాళే.

ఆమె అసలు పేరు సంఘంలో చాలామందికి గుర్తు లేదు. చిన్నా పెద్దా అందరికీ ఆమె వదినే. దానికి కారణం ఆమె ఆడపడుచు పిచ్చుక. మనిషి పిడికెడంత, చురుకు బోలెడంత, వేళ్లు ఒక్కచోట నిలవవు కాబట్టి ఇంట్లోవాళ్లు పెట్టిన ముద్దుపేరు అది. పిచ్చుకకు పుట్టినప్పటి నుంచి చెవులు వినపడవు. మాటలన్నీ చేతులతోనే. పెళ్లయి వచ్చిన మొదటి ఏడాదే వదిన ఆ చేతుల భాష నేర్చుకుంది. ఇప్పుడు ఇద్దరూ కలిసి ఇంటి కింద గదిలో కర్టెన్ల షాపు నడుపుతున్నారు. వదిన ఇళ్లకు వెళ్లి కిటికీలు కొలుచుకొస్తుంది. పిచ్చుక కుట్టుమిషను ముందు కూర్చుని కుచ్చులు పెడుతుంది. ఆదివారం ప్రసంగమైతే వదిన పక్కన నిలబడి వేళ్లతో చెబుతుంది, పిచ్చుక కళ్లతో వింటుంది.

సంఘ కాపరిగారు మోకాలి ఆపరేషను చేయించుకుని మంచం మీద ఉండగా, కమిటీ పెద్దలు ఈ బ్రదర్‌గారిని కూటాలకు పిలిచారు. మంచి గొంతు, మంచి నవ్వు. మొదటిరోజు ఆయన పాడుతుంటే ఏడవనివాళ్లు లేరు. ఆ కన్నీళ్లు ఆరకముందే అసలు మాట చెప్పాడు: "దేవుని బిడ్డ ఇంట్లో జబ్బు ఉందంటే ఎక్కడో దాచుకున్న పాపం ఉంది. ఒప్పుకోండి. ఒప్పుకున్నా పోలేదంటే మీ విశ్వాసం చాలలేదు."

అందరూ విన్నారు, ఇంటికెళ్లి పడుకున్నారు. అత్తగారు మాత్రం ఆ మాటను కొంగున కట్టుకుని వచ్చింది. అప్పటినుంచి మెతుకు ముట్టలేదు.

"అత్తయ్యా, ఈ గ్లాసుడు పాలైనా తాగండి" అంది వదిన పొద్దున్నే, వంటగదిలో.

"వద్దమ్మా. ఇవాళ్టితో తేలిపోతుంది. నా పిల్లకు చెవులొస్తే నేనే అడిగి తింటా."

"రాకపోతే?"

అత్తగారు కిటికీ వైపు తిరిగింది. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి.

"పిచ్చుక నా కడుపులో ఉన్నప్పుడు మా అమ్మతో పెద్ద గొడవైంది. ఎందుకో కూడా ఇప్పుడు గుర్తులేదు. 'నీ మాట ఇక నా చెవిన పడకూడదు' అన్నాను. కన్నతల్లిని పట్టుకుని అన్నాను. ఆ మాటే తిరిగొచ్చి నా బిడ్డ చెవుల్లో కూర్చుంది."

ఇన్నేళ్లలో అత్తగారి నోట ఈ సంగతి ఎన్నడూ రాలేదు.

ఒకప్పటి వదిన అయితే ఆ పక్కనే చతికిలబడి, తనూ ఏడ్చి, తనూ ఉపవాసం పట్టేదే. అప్పట్లో ఆమెకు నిలిచిన కడుపు పోయింది. ఆ దుఃఖంలో ఒకాయన నూనె ఇస్తే ఒంటికి రాసుకుంది, ఇంకొకాయన రుమాలు ఇస్తే దిండు కింద పెట్టుకుంది. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లదే నిజమనిపించేది. ఎటు గాలి వీస్తే అటు కొట్టుకుపోయే పడవ ఆమె. ఆ పడవకు తాడు వేసి ఒడ్డుకు లాగింది టీచరమ్మ, ఉద్యోగం మానుకున్న ముసలి పంతులమ్మ. ప్రతి గురువారం మధ్యాహ్నం వదినను తన చిన్న గదిలో కూర్చోబెట్టుకునేది. అక్కడ అద్భుతాలేమీ జరగలేదు. ఒక అధ్యాయం చదవడం, దాని ముందరిది చదవడం, దాని వెనకది చదవడం, మధ్యలో టీచరమ్మ దగ్గుతెరలు. అంతే.

"ఎవరు చెప్పినా సరే, నేను చెప్పినా సరే, నోట్లో పెట్టిందల్లా మింగకు అమ్మడూ. అది పాలు తాగే పిల్లల పని. నీకు పళ్లొచ్చాయిగా, నములు" అనేది టీచరమ్మ.

"ఏళ్లు గడుస్తున్నాయి గానీ నేను ఎదిగినట్టు నాకేం అనిపించట్లేదు టీచరమ్మా" అని వదిన ఒకసారి వాపోయింది.

"ఎదుగుతున్నట్టు ఏ పిల్లకు తెలుస్తుంది? పాత గౌను పట్టనప్పుడు తెలుస్తుంది" అంది టీచరమ్మ.

బ్రదర్‌గారి బోధ విన్నరోజు వదినకు తెలిసింది. ఒకప్పుడు తనకు సరిగ్గా సరిపోయిన గౌనే అది. ఇప్పుడు చెయ్యి కూడా దూరడం లేదు.

"అత్తయ్యా," అంది వదిన, ఆమె చెయ్యి పట్టుకుని, "పుట్టుగుడ్డివాణ్ణి చూపించి శిష్యులు ప్రభువును అడిగారు కదా, పాపం చేసింది వీడా, వీడి అమ్మానాన్నలా అని. ఆయనేమన్నాడు?"

"వాడూ కాదు, వాళ్లూ కాదన్నాడు. నాకు తెలీదా? కానీ అది ఆ గుడ్డివాడి సంగతి. ఇది నా సంగతి." అత్తగారు చెయ్యి వెనక్కి లాక్కుంది. "బ్రదర్‌గారు అంత తెలిసినవారు. ఊరికే అంటారా?"

కింద మిషను చప్పుడు ఆగింది. పిచ్చుక మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది. తల్లి ముఖం చూసింది, వదిన ముఖం చూసింది. 'ఏమైంది? నా గురించేగా?' అని వేళ్లతో అడిగింది.

పిచ్చుక దగ్గర ఏదీ దాచకూడదని వదిన ఏనాడో ఒట్టు పెట్టుకుంది. వినపడనివాళ్ల ముందు గుసగుసలాడటం కన్నా పెద్ద దొంగతనం లేదని ఆమె నమ్మకం. అందుకే మొత్తం చెప్పింది. చప్పట్ల సంగతి, తిరిగి చూడటం సంగతి, 'అటూ ఇటూ' సంగతి, చివరికి అమ్మమ్మతో జరిగిన గొడవ సంగతి కూడా.

పిచ్చుక వేళ్లు నెమ్మదిగా లేచాయి. 'ప్రార్థన చేస్తానంటే చెయ్యనీ వదినా. ప్రార్థన ఎవరు చేసినా మంచిదే. నేను వస్తాను. అబద్ధం మాత్రం ఆడను. నువ్వూ ఆడకు.'

మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. ఒకప్పుడు గోదాముగా ఉన్న చోటది. పైన రేకులు, కింద ప్లాస్టిక్ కుర్చీలు, ముందు చెక్కలతో కట్టిన వేదిక. వేదిక వెనక నీలం కర్టెన్లు పిచ్చుక కుట్టినవే. అత్తగారు ముందు వరుసలో కూర్చుంది. నీరసంతో తల వాలిపోతున్నా కళ్లు మాత్రం దీపాల్లా వెలుగుతున్నాయి. టీచరమ్మ ఎప్పటిలాగే వెనక తలుపు దగ్గర, గాలి తగిలేచోట కూర్చుంది. వదిన భర్త బస్సు డ్యూటీలో ఉన్నాడు. ఉంటే బాగుండుననుకుంది వదిన. మళ్లీ లేకపోవడమే మంచిదనుకుంది.

బ్రదర్‌గారు బైబిల్లో చెవిటివాణ్ణి ప్రభువు బాగుచేసిన భాగం తీశాడు. "చూశారా, తెరుచుకో అన్నాడు, తెరుచుకుంది! ఇవాళ ఇదే వేదిక మీద తెరుచుకుంటుంది!" అన్నాడు. డ్రమ్ము మోగింది. పిచ్చుకను పైకి పిలిచారు. వదిన చేతికి మైకు ఇచ్చారు. ఆయన పిచ్చుక తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. నిజంగానే కళ్ల నీళ్లతో చేశాడు. అది చూసి వదిన మనసు ఒక్కక్షణం మెత్తబడింది. తర్వాత ఆయన పిచ్చుకను జనం వైపు తిప్పి నిలబెట్టి, తను వెనక్కి వెళ్లి, ఒక కాలు ధన్‌మని ముందుకు వేసి గట్టిగా చప్పట్లు కొట్టాడు.

పిచ్చుక తిరిగి చూసింది.

హాలు అదిరిపోయింది. కుర్చీలు పడిపోయాయి, చేతులు గాల్లోకి లేచాయి. అత్తగారు మోకాళ్ల మీద పడి, "స్తోత్రం నాయనా, స్తోత్రం" అని వలవలా ఏడుస్తోంది. ఆ ముఖంలో అంత సంతోషాన్ని వదిన కాపురానికి వచ్చాక ఎన్నడూ చూడలేదు.

"అడుగు సిస్టర్, అడుగు! ఏం వినపడిందో చెల్లెమ్మను అడుగు!" అన్నాడు బ్రదర్‌గారు.

వదిన అడిగింది. పిచ్చుక చేతులు స్పష్టంగా, తొందర లేకుండా కదిలాయి. వదిన చేతిలోని మైకు వైపు చూసింది.

ఒక్క మాట చాలు. 'వినపడింది' అంటే చాలు. అత్తగారు ఈ పూట కడుపునిండా తింటుంది. జనం పండగ చేసుకుంటారు. మరి రేపో? రేపు ఆ తల్లి ఆశగా వంటగదిలోంచి 'పిచ్చుకా' అని పిలుస్తుంది. పిచ్చుక మిషను మీది నుంచి తల ఎత్తదు. వచ్చిన చెవులు మళ్లీ పోయాయంటే అది ఎవరి పాపం? ఆ లెక్కంతా తిరిగి ఆ ముసలి గుండె మీదికే వస్తుంది. ప్రభువా, నాకు ధైర్యమియ్యి అనుకుంది వదిన. మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"పిచ్చుక ఏమంటోందంటే... చెక్క అదిరిందంట. అరికాళ్లకు తెలిసిందంట, అందుకని చూసిందంట. చెవులకైతే ఏమీ వినపడలేదంట."

డ్రమ్ము వాయించేవాడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అత్తగారు మోకాళ్ల మీదే ఉండి, అర్థం కానట్టు కోడలి వైపు చూసింది.

బ్రదర్‌గారి నవ్వు చెదరలేదు గానీ గొంతు మారింది. "చూశారా? నేను చెప్పలేదా? ఈ కుటుంబంలో అవిశ్వాసం ఉంది. దేవుడు తెరిచిన చెవుల్ని శత్రువు ఈ సిస్టర్ నోటితో మూస్తున్నాడు!"

వదినకు దిగిపోవాలనిపించలేదు. అది ఆమెకే వింతగా తోచింది.

"అయ్యగారూ, మీ మీద కోపంతో కాదు నేను మాట్లాడేది. దేవుడు బాగుచేస్తాడని నేనూ నమ్ముతున్నాను. ఇవాళ చేస్తే ముందు గంతులేసేది నేనే. కానీ జరగనిదాన్ని జరిగిందని చెబితే ఆయనకు మహిమ రాదు, మనకు పేరొస్తుంది. అంతే."

"వాక్యం నాకు నేర్పుతావా సిస్టర్?"

"నేర్పడానికి నేనెంతదాన్నండీ. మీరు ఇందాక తీసిన చోటే ఇంకో ముక్క ఉంది, మీరు దాటేశారు. ఆ చెవిటివాణ్ణి ప్రభువు ముందు జనంలోంచి పక్కకు తీసుకెళ్లాడు. ఎవరూ చూడని చోటికి. అతని చెవుల్లో వేళ్లు పెట్టాడు, నాలుక ముట్టాడు, ఆకాశం వైపు చూశాడు. వినపడనివాడికి అర్థమయ్యేట్టు ముందు చేతులతో మాట్లాడాడు. అప్పుడే నోటితో అన్నాడు. అతణ్ణి పదిమందిలో నిలబెట్టి పరీక్ష పెట్టలేదు. నీ తల్లి ఏం పాపం చేసిందని అడగలేదు." వదిన అత్తగారి వైపు చెయ్యి చూపించింది. "మా అత్తయ్య మీ మాట విని తిండి మానేసిందండీ. ఆవిడ పెద్దావిడ."

వెనక తలుపు దగ్గర్నుంచి ఒక దగ్గు వినపడింది, ఆ తర్వాత "ఆమేన్" అని ఒక ముసలి గొంతు. గట్టిగా, బడిలో హాజరు పిలిచినట్టు. నలుగురైదుగురు వెనక్కి తిరిగి చూశారు. టీచరమ్మ దర్జాగా విసనకర్ర విసురుకుంటోంది.

పిచ్చుక వదిన కొంగు లాగింది. 'నన్ను చెప్పనీ. నువ్వు పలుకు.' ఆమె వేళ్లు కదులుతుంటే వదిన ఒక్కో మాటా పైకి చదివింది.

"నాకు పుట్టినప్పటి నుంచి చెవులు లేవు. దేవుడు లేడని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు. చిన్నప్పుడు మా అమ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, నా చెయ్యి తన గొంతు మీద పెట్టుకుని పాటలు పాడేది. పాట నా అరచేతిలోకి వచ్చేది. ప్రార్థనంటే ఏంటో నాకు అలా తెలిసింది. అందుకు దేవునికి వందనాలు. మా వదిన నా కోసం వేళ్లతో మాట్లాడటం నేర్చుకుంది. మొదట్లో 'నీళ్లు కావాలా' అని అడగబోయి 'కోతి కావాలా' అని అడిగేది. అందుకు మరీ వందనాలు."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. చదువుతున్న వదినకే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"చెవులిస్తే తీసుకుంటాను. ఇవ్వకపోయినా ఆయన నావాడే, నేను ఆయనదాన్నే. మా అమ్మ ఏ పాపమూ చెయ్యలేదని నేననను. నా వంతు చాక్లెట్లు తినేసి కాకి ఎత్తుకుపోయిందనేది. కానీ అమ్మా, నా చెవులు నీ పాపం కాదు. ఎవరు చెప్పినా నమ్మకు."

అత్తగారు లేచింది. పక్కవాళ్లు పట్టుకోబోతే వద్దని తోసేసి, ఒక్కో మెట్టూ ఎక్కి వేదిక మీదికి వచ్చింది. కూతురి చెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుంది. ఎండిపోయిన గొంతుతో, శ్రుతి లేకుండా, పాత స్తుతి పాట ఒకటి ఎత్తుకుంది. పిచ్చుక కళ్లు మూసుకుంది. రెండో చరణానికి ఆడవాళ్లు అందుకున్నారు, మూడో చరణానికి హాలంతా అందుకుంది. బ్రదర్‌గారు మైకు పక్కన పెట్టి ఎప్పుడు దిగిపోయాడో ఎవరూ గమనించలేదు.

వేదిక వెనకున్న చిన్న గదిలో, పాటల బృందం అంగీలు వేలాడే కొక్కేల కింద, అత్తగారు రొట్టె పాలలో ముంచుకుని తింటోంది. పిచ్చుక ముక్కలు తుంచి ఇస్తోంది. టీచరమ్మ కర్ర ఊతంతో వచ్చి, వదిన తల నిమిరి, "గౌను పొట్టిదైపోయింది కదే" అని మాత్రం అని వెళ్లింది. వదిన గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. అడగడానికేమీ తోచలేదు. ఆ గురువారాలకు, ఆ దగ్గుతెరలకు, ఆ మొండి ముసలావిడకు, రొట్టె నములుతున్న ఈ చప్పుడుకు వందనాలు ప్రభువా అనుకుంది. గుండె నిండుగా ఉంది.

తలుపు మెల్లగా తోసుకుని ఎవరో లోపలికి వచ్చారు. బ్రదర్‌గారి భార్య. చంకలో నాలుగైదేళ్ల పాప. కూటాలన్నిటిలో ఆవిడ ముందు వరుసలో తలవంచుకుని కూర్చునేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఇప్పుడు లోపలికి వచ్చి తలుపు చేరవేసింది.

వదిన సర్దుకుని నిలబడింది. తిట్లు తినడానికి సిద్ధపడింది.

"కాస్త కూర్చోవచ్చా అక్కా?" అంది ఆవిడ. గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది. "మా పాపను చూసి అందరూ మురిసిపోతారు, ఎంత మోతలోనైనా హాయిగా నిద్రపోతుందే అని. నేను నవ్వి ఊరుకుంటాను." పాప జుట్టు సవరించింది. "దీనికి వినపడదక్కా. పుట్టినప్పటి నుంచి."

అత్తగారి చేతిలో రొట్టె ఆగిపోయింది.

"ఆయన దీని మీద చేతులుంచి ప్రార్థన చేయని పూట లేదు. బయట చెప్పకూడదన్నారు. జనం ఏమనుకుంటారని. ఇంట్లో పాపం ఎవరిదని రోజూ వెతుక్కుంటాం. ఒకరోజు నాది, ఒకరోజు ఆయనది." ఆవిడ కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "నాకు ఇది ఒక్క మాట చెప్పి ఎరగదు. నేనూ దీనికి ఒక్క మాట చెప్పలేదు. మీ ఆడపడుచు చేతులతో మాట్లాడుతుంటే ఇది నిద్రలేచి కళ్లార్పకుండా చూసింది. మీకు పుణ్యముంటుంది, అమ్మ అని ఎలా అనాలో చూపించమనరూ?"

నిన్నటి నుంచి వదిన గొంతులో ఉన్న ముల్లు ఏమైందో తెలియదు. వేదిక మీద కన్నీళ్లతో ప్రార్థన చేసిన ఆయన ముఖం గుర్తొచ్చింది. ఆ కన్నీళ్లు ఎవరి కోసమో ఇప్పుడు అర్థమైంది.

ఆవిడ మాటలన్నీ వదిన వేళ్లు అలవాటుగా చెబుతూనే ఉన్నాయి కాబట్టి పిచ్చుకకు వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. అప్పటికే పాప ముందు నేల మీద కూర్చుంది. అరచెయ్యి చెంపకు ఆనించుకుని, పాప తల్లి వైపు చూపించింది. పాప చూసింది. చిన్న అరచెయ్యి లేచి చెంపను తాకింది. అదే చెయ్యి తల్లి వైపు చాచింది. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిచ్చుక ఇంకోటి చూపించింది: చూపుడువేలు పైపెదవి మీద మీసంలా అడ్డంగా పెట్టి, నాన్న. పాప పకపకా నవ్వి మీసం పెట్టుకుంది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ.

తలుపు భళ్లున తెరుచుకుంది.

"సిస్టర్, కమిటీ పెద్దలు మిమ్మల్ని ఆఫీసు గదిలోకి రమ్మంటున్నారు. మీ కుటుంబం విషయం ఇవాళే..." అంటూ వచ్చిన బ్రదర్‌గారు భార్యను చూసి ఆగిపోయాడు. ముఖం తెల్లగా పాలిపోయింది. "నువ్వు ఇక్కడేం చేస్తున్నావు? పాపను ఎందుకు తెచ్చావు?"

పాప తండ్రిని చూసింది. తల్లి ఒళ్లోంచి దిగి, రెండడుగులు వేసి ఆయన ముందు నిలబడింది. తలెత్తి, చూపుడువేలు పైపెదవి మీద అడ్డంగా పెట్టి, ఆయనకేసి చేయి చాచింది. ఆయన కదల్లేదని మళ్లీ పెట్టింది. ఇంకా గట్టిగా, అరిచినట్టు.

బ్రదర్‌గారు పాపను చూశాడు. భార్యను చూశాడు. చివరికి, ఇందాక శత్రువు నోరని తను పేరుపెట్టిన మనిషి వైపు తిరిగాడు. గొంతులో మైకు ముందున్న బలం ఇప్పుడు లేదు.

"నా కూతురు ఏదో అంటోంది" అన్నాడు. "ఏమంటోంది వదినా?"